గాలి ఎటు? ఎండ ఎటు?

ఎగిరే పక్షిని ఫొటో తీయడానికి తూర్పు తీరం అంత అనువైన చోటు కాదు. బందరు వాళ్లకు ఈ మాట రుచించకపోవచ్చు. చలికాలంలో మంగినపూడి నుంచి నాగాయలంక దాకా బురద మేటల మీద, చేపల చెరువుల మీద దిగే పక్షుల్ని చూసినవాళ్లెవరూ దీన్ని సులువుగా ఒప్పుకోరు. అయితే పక్షులు ఉండటం వేరు. అవి మనవైపు తిరిగి, ముఖం మీద ఎండ పడేలా ఎగరడం వేరు. ఆ రెండోది గాలి చేతిలో ఉంది.

పక్షి సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే వాలుతుంది. రెక్కను పైకి మోసే బలం నేల మీద పక్షి ఎంత వేగంగా పోతోందన్నదాన్ని బట్టి ఉండదు, రెక్క చుట్టూ గాలి ఎంత వేగంగా కదులుతోందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎదురుగాలి ఉంటే ఆ వేగంలో కొంత పక్షికి ఊరికే దొరుకుతుంది. పిచ్చుకకు ఇది పెద్ద విషయం కాదు. నాలుగైదు కిలోలు తూగే గూడబాతుకు (పుస్తకాల్లో పెలికాన్ అంటున్నది దీన్నే) మాత్రం గాలి దిక్కు చూసుకోకపోతే కుదరదు. నీళ్ల మీద కాళ్లతో తన్నుకుంటూ పరుగెత్తితేగాని అది లేవలేదు.

ఇప్పుడు మన తీరం సంగతి. బందరు దగ్గర సముద్రం ఆగ్నేయాన ఉంది. రాత్రంతా నేల చల్లబడుతుంది కాబట్టి చలికాలం తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు, అంటే వాయవ్యం నుంచి వీస్తుంది. దానికి ఎదురుగా లేచే పక్షి ముఖం వాయవ్యానికి ఉంటుంది. చలికాలపు సూర్యుడు పొడిచేది ఆగ్నేయం వైపు. అంటే ఎండ సరిగ్గా పక్షి తోక మీద పడుతుంది. ఎండను వీపున పెట్టుకుని నిలబడితే మనకు దక్కేది దూరమైపోతున్న తోకలు. పక్షికి ఎదురుగా వెళ్లి నిలబడితే సూర్యుడు మన కళ్లలోకి కొడతాడు, పక్షి నల్లటి బొమ్మలా వస్తుంది. ఎండాకాలం సాయంత్రాలు లెక్క తిరగబడుతుంది, ఫలితం మాత్రం అదే. ఒళ్లు చల్లబరిచే సముద్రపు గాలి ఆగ్నేయం నుంచి వస్తుంది, సూర్యుడు పడమట దిగుతుంటాడు, ఎండ మళ్లీ తోక మీదే. ముంబైలోనో గోవాలోనో ఉండేవాళ్లకు ఈ బాధ లేదు. అక్కడ పొద్దున నేలగాలి తూర్పు నుంచి, సాయంత్రం సముద్రపు గాలి పడమటి నుంచి వీస్తాయి. రెండు పూటలా సూర్యుడూ గాలీ ఒకే పక్కన ఉంటారు.

ఇది స్థూలమైన లెక్క. గాలి రోజూ పంచాంగం చూసి వీయదు. అయినా ఈ లెక్క తెలిసినవాళ్లకు దారులు కనిపిస్తాయి. ఈశాన్య గాలి గట్టిగా వీచే నవంబరు, డిసెంబరు ఉదయాల్లో పక్షి ఈశాన్యానికి తిరిగి ఎగురుతుంది, ఎండ దాని కుడిపక్కన పడుతుంది. తీరం వెంట అడ్డంగా పోయే పక్షిని పక్క నుంచి తీయడానికి అంతకంటే మంచి వెలుగు ఉండదు. చలికాలం మధ్యాహ్నం రెండు దాటాక సూర్యుడు నైరుతిలో ఉంటాడు, సముద్రపు గాలి ఆగ్నేయం నుంచి మొదలై ఉంటుంది, అప్పుడూ పక్కవెలుగే. ఏదీ కుదరని పూట ఎదురెండనే వాడుకోవచ్చు. కొంగ రెక్క చాపినప్పుడు ఈకల్లోంచి వెలుగు జల్లెడ పట్టినట్టు వస్తుంది, ఏ ఈక ఏ ఈక మీద ఎంతవరకు కప్పుకుందో లెక్కపెట్టేంత స్పష్టంగా. నన్నడిగితే ముఖం మీద ఎండ పడ్డ వంద ఫొటోల కంటే అలాంటిది ఒకటి ఎక్కువ చెబుతుంది.

ఎగిరే పక్షిని ఫొటోలో పట్టాలన్న కోరిక కళ కోసం పుట్టలేదు. ఎతియెన్-జూల్ మారే అనే ఫ్రెంచి శరీరశాస్త్రవేత్తకు రెక్క ఎలా ఆడుతుందో తెలియాలి. కంటికి అది ఒక మసకే. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ పరుగెత్తే గుర్రాన్ని వరుస ఫొటోలుగా తీశాడని తెలిసి, పక్షుల్నీ అలా తీయగలరా అని మారే ఆరా తీశాడు. కావలసింది దొరక్కపోవడంతో 1882లో తానే ఒక తుపాకీ తయారు చేసుకున్నాడు. గొట్టంలో కటకం, తూటాల అర ఉండాల్సిన చోట గుండ్రంగా తిరిగే ఫొటో పలక. మీట నొక్కితే సెకనుకు 12 బొమ్మలు, ఒక్కో బొమ్మకు సెకనులో 720వ వంతు వెలుగు. నేపుల్స్ తీరంలో అతను తుపాకీ ఎక్కుపెట్టి, ఎంతకీ పేల్చకుండా, ఏ పిట్టా రాలకుండానే సంతోషంగా ఇంటికి పోతుంటే చూసినవాళ్లు పిచ్చివాడనుకున్నారట. ఆ రోజుల్లోనే మారే ఒకే పలక మీద రెక్క ఎత్తినప్పుడు, దించినప్పుడు, వాలబోతున్నప్పుడు వచ్చే భంగిమలన్నీ పక్కపక్కనే పడేలా తీసిన పేరున్న బొమ్మ ఒకటి ఉంది. అందులో ఉన్నది పెలికానే.

ఆ జాతిని ఎంచుకోవడంలో తెలివి ఉంది. మనవాళ్లు కూడా గూడబాతుతోనే మొదలుపెట్టడం మంచిది. గుడివాడ నుంచి కైకలూరు మీదుగా వెళ్తే కొల్లేటి అంచున ఆటపాక పక్షుల కేంద్రం ఉంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేర్చిన కొల్లేరులో అది ఒక మూల. అక్కడ గూడబాతులు చెట్ల మీదా, అటవీశాఖ నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీదా గూళ్లు కడతాయి. గూడు ఉన్న పక్షి రోజూ పోవాలి, రోజూ రావాలి; కాబట్టి అక్కడ ఎగిరే పక్షి కోసం వెతుక్కోనక్కర్లేదు. రెక్క చివరి నుంచి రెక్క చివరికి రెండున్నర మీటర్ల దాకా ఉండే పక్షి సెకనుకు రెండు మూడుసార్లు రెక్కలాడిస్తూ మెల్లగా తల మీదుగా పోతుంటే కొత్తవాళ్ల చేతికి కూడా దొరుకుతుంది.

‘మెల్లగా’ అన్నాను గానీ, అది కంటి మాయ. గూడబాతు వేగం సెకనుకు 12 మీటర్లు, అంటే గంటకు 43 కిలోమీటర్లు అనుకుందాం. రెక్క ఒక కొసనుంచి మరో కొసకు ఆడే కోణాన్ని రెక్కపొడవుతో, సెకనుకు రెక్కలాడే లెక్కతో గుణించి, పోవడానికీ రావడానికీ కలిపి రెట్టింపు చేస్తే రెక్క చివర వేగం కూడా సెకనుకు దాదాపు 8 మీటర్లు వస్తుంది. కరెంటు తీగల మీద బారులు తీరే స్వాలో పిట్టను తీసుకోండి. అది రెక్క చివరి నుంచి రెక్క చివరికి 30 సెంటీమీటర్లు, సెకనుకు ఏడెనిమిదిసార్లు ఆడిస్తుంది. అదే లెక్క వేస్తే రెక్క చివర వేగం సెకనుకు నాలుగు మీటర్ల చిల్లర. గూడబాతు రెక్కే ఎక్కువ వేగంగా కదులుతోందన్నమాట! మరి స్వాలో ఎందుకు మసకగా వస్తుంది? కెమెరా చూసేది మీటర్లను కాదు, బొమ్మలో ఎన్నో వంతు కదిలిందన్నదాన్ని. సెకనులో వెయ్యో వంతులో గూడబాతు రెక్క చివర 8 మిల్లీమీటర్లు జరుగుతుంది, అది దాని రెక్కల మొత్తం పొడవులో 300వ వంతు. స్వాలో రెక్క జరిగేది 4 మిల్లీమీటర్లే, కానీ అది 75వ వంతు. రెండింటినీ ఫ్రేములో ఒకే పరిమాణంలో నింపితే స్వాలో మసక నాలుగింతలు. గూడబాతుకు 1/1000 చాలిన చోట స్వాలోకు 1/4000 కావాలి. అంత చురుకైన షట్టర్‌కు వెలుగు చాలదు కాబట్టి ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే చురుకు) పెంచాలి, పెంచితే బొమ్మలో గరుకు వస్తుంది. చిన్నపిట్టల ఫొటోలు ఖరీదైన పని కావడానికి మూలం ఇక్కడుంది.

అయినా షట్టర్ కంటే ముందు వచ్చే చిక్కు మరొకటి. 400 మిల్లీమీటర్ల లెన్సు పట్టుకుంటే మనకు కనిపించే మేర ఐదు డిగ్రీలే. 40 మీటర్ల దూరంలో అది మూడున్నర మీటర్ల వెడల్పు. ఆ కిటికీని గూడబాతు సెకనులో పదింట మూడు వంతుల్లో దాటేస్తుంది. కన్ను చూసి, మెదడు గ్రహించి, వేలు నొక్కడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. అప్పటికి పక్షి రెండు మీటర్ల పైన ముందుకు పోయింది. కనబడ్డాక నొక్కేవాడికి దొరికేది తోకే. కనుక పక్షితో పాటు కెమెరాను తిప్పుతూ ఉండాలి, నొక్కాక కూడా తిప్పడం ఆపకూడదు. గుడివాడ రైల్వే గేటు దగ్గర నిలబడ్డవాడికి రైలు సర్రున పోతుంది, అదే రైలు పొలాల అవతల నుంచి చూస్తే పాకుతున్నట్టుంటుంది. తిప్పాల్సిన వేగం కూడా అంతే, దూరం రెట్టింపైతే సగమవుతుంది. అందుకే పక్షిని ఎంత దూరంలో వీలైతే అంత దూరంలోనే కెమెరాలోకి తీసుకుని, దగ్గరికి వచ్చేదాకా వదలకుండా వెంటాడాలి. ఎదురుగాలి ఇక్కడ కూడా మన పక్షానే ఉంటుంది. సెకనుకు ఆరు మీటర్ల గాలికి ఎదురీదే గూడబాతు నేల మీద ఆరు మీటర్లే సాగుతుంది, మనకు రెట్టింపు సమయం. ఈదురుగాలి రోజున ఇంట్లో కూర్చునేవాళ్లు చాలా పోగొట్టుకుంటారు.

ఇక మనవైపే నేరుగా వచ్చే పక్షి. అదే లెన్సు కంతను ఎఫ్5.6 దగ్గర పెడితే 20 మీటర్ల దూరంలో స్పష్టంగా కనిపించే లోతు మీటరు కూడా ఉండదు. ఆ లోతును పక్షి సెకనులో పన్నెండో వంతులోపే దాటుతుంది. ఇప్పటి ఆటోఫోకస్‌లు పక్షి ఎక్కడుందో చూసి ఊరుకోవు. వరుసగా రెండు మూడు కొలతలు తీసి, షట్టర్ తెరుచుకునే క్షణానికి ఎక్కడ ఉంటుందో అంచనా కట్టి అక్కడికి కటకాన్ని జరుపుతాయి. పక్షి కంటిని గుర్తుపట్టే కెమెరాలు కూడా వచ్చాయి. వీటిని తక్కువ చేయను. కానీ యంత్రం కట్టే అంచనా సెకనులో ఏ కొంచెమో ముందుకు. అరగంట ముందు, ఒక రోజు ముందు కట్టాల్సిన అంచనా ఒకటుంది, దానికి చిప్ లేదు. డెల్టాలో దాన్ని నేర్పేది వ్యవసాయం, చేపల చెరువు, సముద్రపు పోటు.

సార్వాకు కాలువలు వదిలాక దమ్ము మొదలవుతుంది. ఇనుప చక్రాల ట్రాక్టరు బురద తిరగేస్తుంటే పురుగూ కప్పా బయటపడతాయి. తెల్లకొంగలు దాని వెనకే నడుస్తాయి. ట్రాక్టరు గట్టు దగ్గరికొచ్చి మలుపు తిరిగేటప్పుడు మందంతా లేచి, పది గజాలు ఎగిరి, కొత్త చాలు మీద దిగుతుంది. ప్రతి మలుపుకూ ఇదే వరస. గట్టు మీద ఒకచోట కూర్చున్నవాడికి గంటలో ఎన్నిసార్లు లేస్తాయో ట్రాక్టరే చెప్పేస్తుంది. డ్రైవరుకు ముందు ఒక మాట చెప్పి కూర్చోవాలి, అంతే.

చేపల చెరువుల సంగతి ఇంకా తేలిక. గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు వైపు పట్టుబడి రోజున నీళ్లు తోడేస్తారు. లోతు తగ్గేకొద్దీ పక్షులు వంతుల వారీగా వస్తాయి. ముందు పైనుంచి మునకలేసే నలుపు తెలుపు లకుముకి, తర్వాత గూడబాతులు, నీళ్లు మోకాటి లోతుకు దిగాక కొంగలు, అడుగు బయటపడ్డాక గద్దలు. లకుముకి గాలికి ఎదురుగా ఒక్కచోటే ఆగి రెక్కలు కొడుతూ కిందికి చూస్తుంది. ఎగిరే పక్షుల్లో ఇలా కదలకుండా నిలిచేది అరుదు కాబట్టి ఫోకస్‌కు అదో వరం. మునక మాత్రం ఎప్పుడు వేస్తుందో దానికే తెలియాలి.

తీరంలో గడియారం వేరు. గిలకలదిండి రేవుకు పడవలు తిరిగొచ్చే వేళకు గరుడపక్షులూ, టిబెట్ పీఠభూమి వైపు నుంచి చలికాలం గడపడానికొచ్చే గోధుమతల గల్ పక్షులూ చేరతాయి. బురద మేటల మీద ఉల్లంకుల్లాంటి చిన్న నీటిపిట్టలు పాటు సమయంలో విశాలంగా చెదిరిపోయి మేస్తాయి. అప్పుడు వాటి వెంట నడిచి ప్రయోజనం లేదు. పోటు ఎక్కుతుంటే నీరు వాటిని ఒడ్డుకు నెడుతుంది, గుంపులు గుంపులుగా లేచి మెరక మీదికి వస్తాయి. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువ కాబట్టి మేట పూర్తిగా మునుగుతుంది. పోటుకు గంట ముందే మెరక పక్కన కూర్చుని కదలకుండా ఉంటే గుంపు మన ముందుకే వస్తుంది. కూర్చోవడానికి ముందు తిరిగొచ్చే దారి ఏ పాయ మీదుగా ఉందో చూసుకోవాలి. హంసలదీవి, ఎదురుమొండి వైపు పాయలు నిండే తీరు కొత్తవాళ్లకు అంతుపట్టదు, ఆ ఊళ్ల చేపల వేటగాళ్లనడిగి వెళ్లడమే మేలు.

వాలే పక్షి ఫొటో ఎగిరే పక్షి ఫొటో కంటే నాకిష్టం. కారణం శాస్త్రానికి సంబంధించినదే. దిగేటప్పుడు పక్షి వేగం తగ్గించాలి, తగ్గిస్తే రెక్క మోయడం మానేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి రెక్కను బాగా నిలువుగా ఎత్తుతుంది. ఎత్తేకొద్దీ రెక్క పైభాగాన గాలి ఒరుసుకుపోకుండా విడిపోయి సుడులు తిరుగుతుంది. విడిపోతే పక్షి రాయిలా పడుతుంది. దాన్ని ఆపేవి రెక్క ముందంచున, మన బొటనవేలు ఉండాల్సిన చోట, పొడుచుకొచ్చే చిన్న ఈకలు. వాటి పక్క సందులోంచి గాలి రెక్కకు అతుక్కుని పోతుంది. మామూలుగా ఎగిరేటప్పుడు అవి మూసుకుని ఉంటాయి, కంటికి కనిపించవు. నత్తగుల్ల కొంగ గట్టు మీద దిగే ఆఖరి సెకనును వరుసగా తీసి చూడండి. మొదటి బొమ్మల్లో ఉండవు, ఉన్నట్టుండి లేస్తాయి. రెక్క మీది పొట్టి ఈకలు కూడా అదే క్షణంలో రేగి నిలబడతాయి. విమానం దిగేటప్పుడు కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు రెక్క ముందంచున తెరుచుకునే పలకను చూసే ఉంటారు, రెండింటి పనీ ఒకటే.

గూడబాతులు బారుగా ఎగరడం వెనక కూడా లెక్క ఉంది. ముందు పక్షి రెక్క చివర గాలి పైకి ఎగదన్నుతుంది, వెనక పక్షి తన రెక్కను అక్కడ ఉంచితే కొంత బరువు ఆ గాలే మోస్తుంది. 2001లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని నేరుగా కొలిచింది. సెనెగల్‌లో పెంచి, చిన్న విమానం వెంట ఎగరడం నేర్పిన పెలికాన్‌లకు గుండె కొట్టుకునే వేగం కొలిచే పరికరాలు కట్టారు. ఒంటరిగా ఎగిరినప్పటికంటే బారులో ఎగిరినప్పుడు గుండె వేగం 11 నుంచి 14 శాతం దాకా తక్కువ. సాయంత్రం కొల్లేటికి తిరిగొచ్చే బారును పక్క నుంచి తీస్తే ఇంకో సంగతి కూడా చూడవచ్చు. ముందున్నది రెక్కలాడించడం ఆపి జారితే, వెనకున్నవి ఒకదాని తర్వాత ఒకటి ఆపుతాయి, మళ్లీ ఒకదాని తర్వాత ఒకటి మొదలుపెడతాయి.

కెమెరా వైపు రెండు చిక్కులు మాత్రం చెప్పి వదిలేస్తాను. ఒకటి: మడచెట్ల నల్లటి అడవి ముందు తెల్లకొంగ ఎగిరితే కెమెరా చీకటికి తగ్గట్టు వెలుగు పెంచి కొంగను సున్నం చేసేస్తుంది, ఎక్స్‌పోజర్‌ను కొంగకు తగ్గట్టు చేత్తో పెట్టుకోవాలి. రెండు: చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ బొమ్మను పైనుంచి కిందికి వరుసలుగా చదువుతుంది. చవక కెమెరాల్లో ఆ చదవడానికి సెకనులో ముప్పయ్యో వంతు దాకా పట్టవచ్చు. ఆలోగా గూడబాతు రెక్క చివర పాతిక సెంటీమీటర్లు జరిగిపోతుంది, రెక్క వంకరగా వస్తుంది. వంకర రెక్కతో శాస్త్రం చెప్పకూడదు. తొమ్మిది, పది దాటాక బురద మీద లేచే వేడిగాలి గురించి అసలు చెప్పను. దానికి మందు ఇంటికి పోయి పడుకోవడమే.

పక్షుల్ని కావాలని లేపి తీసే ఫొటోలంటే నాకు మంట. చప్పట్లు కొట్టడం, రాయి విసరడం, డ్రోన్ ఎగరేయడం వల్ల మంద లేచిన ఫొటో చూడగానే తెలిసిపోతుంది. మెడలన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి, ఎగిరే దిక్కు గాలిని బట్టి కాక మనిషిని బట్టి ఉంటుంది. రెక్కలు కొడుతూ ఎగరడం విశ్రాంతిగా కూర్చోవడం కంటే ఎన్నో రెట్లు ఖర్చు. పోటు వేళ మెరక మీద సేదతీరే పిట్టలు ఆ ఖర్చును మళ్లీ పాటు వచ్చేదాకా తిండితో పూడ్చుకోలేవు. ఆటపాకలో గూళ్ల దగ్గరికి చొచ్చుకుపోతే పెద్ద పక్షులు లేస్తాయి, గుడ్లు ఎండకూ కాకులకూ దొరుకుతాయి. మడఅడవులున్న కృష్ణా అభయారణ్యంలో గానీ కొల్లేరులో గానీ వన్యప్రాణుల్ని ఇబ్బంది పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మడఅడవి లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

తీసిన ఫొటోల్లో నూటికి తొంభై చెరిపేయాల్సినవే, దానికి బాధపడక్కర్లేదు. అయితే మసకగా ఉన్నవాటిలోనూ రెక్క పూర్తిగా విచ్చుకున్నవి దాచండి, తేదీ, చోటు సరిగ్గా ఉండేలా చూసుకోండి. కెమెరా గడియారం తప్పుంటే ఆ ఫొటో విలువ సగం పోయినట్టే. రెక్కలో ఈక లేని ఖాళీలు కనిపిస్తాయి. పాత ఈక రాలి కొత్తది మొలిచే చోట్లవి. బాతులు ఈ పెద్ద ఈకలన్నీ ఒకేసారి రాల్చి కొన్ని వారాలు ఎగరలేకుండా ఉంటాయి. గద్దలూ గరుడపక్షులూ కొన్ని కొన్నిగా, రెండు రెక్కల్లోనూ దాదాపు ఒకే చోట రాలుస్తాయి. ఎప్పుడు రాలుస్తాయో చెప్పే వివరం మన జిల్లాల నుంచి పోగవ్వాలంటే, నెలనెలా ఒకే గట్టు మీద నిలబడి ఎగిరే పక్షిని కింద నుంచి తీసే అభిరుచి ఉన్నవాళ్లే దారి.

ఎడమ రెక్కలో ఒక్క చోట మూడు నాలుగు ఈకలు తెగి, కుడి రెక్క నిండుగా ఉంటే అది ఋతువు పని కాదు. బందరు చుట్టూ రొయ్యల చెరువుల మీద పక్షులు దిగకుండా గుంజ నుంచి గుంజకు సన్నటి దారాలు కడతారు. వాటిని దూరం నుంచి కెమెరా ఫోకస్ పట్టుకోలేదు, వేగంగా వాలే గద్ద కన్ను కూడా ఆఖరి క్షణం దాకా పట్టుకోలేదు. అలాంటి ఫొటో దొరికితే వెనక్కి వెళ్లి, ఆ చుట్టుపక్కల ఏ చెరువు మీద దారాలున్నాయో, వాటికి రంగు రిబ్బన్లు కట్టారో లేదో కూడా ఒక ఫొటో తీసి పక్కన పెట్టుకోండి.